చీటీ సరే, పరీక్ష ఏదీ?

రాత్రి తొమ్మిది గంటలు. ఇంట్లో చిన్నబిడ్డకు జ్వరం, గొంతునొప్పి. ఆ వేళకు సర్కారు ఆసుపత్రిలో ఓపీ ఉండదు. ప్రైవేటు క్లినిక్ ముందు వరుస తరగదు. చేతిలోని ఫోను తెరిస్తే కొద్ది నిమిషాల్లో ఒక వైద్యుడు అందుబాటులోకి వస్తాడు. రెండు మూడు ప్రశ్నలు వేసి అజిత్రోమైసిన్ రాసిన చీటీ పంపుతాడు. మరి కాసేపటికి మందూ గుమ్మంలోకి వస్తుంది. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. ఈ వ్యవహారంలో లోపించినది ఒక్కటే. ఆ బిడ్డ గొంతును ఎవరూ చూడలేదు.

దూరవైద్యాన్ని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. 2020 మార్చి 25న, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలను వెలువరించింది. ఆ తర్వాత లక్షలాది కుటుంబాలకు ఫోనే ఆసుపత్రి గడప అయింది. కేంద్ర ప్రభుత్వ ‘ఈ-సంజీవని’ సేవ ద్వారా 2023 ఫిబ్రవరి నాటికి పది కోట్లకు పైగా సంప్రదింపులు జరిగాయి. వాటిలో రాష్ట్రాలన్నింటికన్నా ముందున్నది ఆంధ్రప్రదేశే. పట్నానికి వెళ్లి వైద్యుని చూడాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు వదులుకోవలసిన పేదకు ఈ సదుపాయం విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మార్గదర్శకాలలోనూ పెద్దగా వంక పెట్టవలసినది లేదు. మత్తు పదార్థాల చట్టం కిందకు, షెడ్యూల్ ఎక్స్ కిందకు వచ్చే మందులను దూరం నుంచి రాయరాదని అవి నిషేధించాయి. యాంటీబయాటిక్‌లను ఆ నిషిద్ధ జాబితాలో చేర్చలేదు. కానీ కనీసం తాత్కాలికంగానైనా రోగనిర్ధారణ చేయకుండా మందు రాయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని స్పష్టం చేశాయి. రోగిని స్వయంగా చూడవలసిన అవసరం ఉందని తోస్తే ఏ దశలోనైనా రమ్మని చెప్పే అధికారం వైద్యునికి ఇచ్చాయి. నియమం కాగితంపై పటిష్ఠంగానే ఉంది. దాన్ని పాటిస్తున్నదీ లేనిదీ చూసే కన్నే కొరవడింది.

జలుబు, దగ్గు, గొంతునొప్పి చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. కొద్దిపాటి జ్వరానికి, వైరస్ వల్ల వచ్చే దగ్గుకు ఈ మందులు వాడవద్దని భారత వైద్య పరిశోధన మండలి 2022 నవంబరులో వైద్యులకు సూచించింది. ఎదుట కూర్చున్న వైద్యుడు గొంతులో వెలుగు వేసి చూడగలడు, గుండెలపై స్టెతస్కోపు ఆనించి వినగలడు, అవసరమైతే రక్తపరీక్ష చేయించగలడు. తెరపై ఉన్న వైద్యునికి ఆ వీలు లేదు. అనుమానం తీరనప్పుడు ఎందుకైనా మంచిదని ఒక యాంటీబయాటిక్ రాసేయడం అతనికి తేలిక. ఫీజు చెల్లించిన రోగి సైతం మాత్ర లేని చీటీ చూస్తే మోసపోయానని భావిస్తాడు. రోగి మెప్పే కొలమానమైన చోట, సంప్రదింపు జరిపించే సంస్థే మందు కూడా అమ్మే చోట, ‘వద్దు’ అని చెప్పే వైద్యునికి ప్రోత్సాహం ఏముంటుంది?

ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో పొరుగుదేశాన్ని చూసి గ్రహించవచ్చు. పాకిస్థాన్‌లోని సింధు రాష్ట్రంలోనూ హైదరాబాద్ అనే నగరం ఉంది. 2016 చివరలో అక్కడ మొదలైన టైఫాయిడ్, అప్పటివరకు పనిచేసిన మందులను ఒక్కొక్కటిగా ధిక్కరించింది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లకూ లొంగలేదు. నోటిద్వారా ఇవ్వదగిన వాటిలో వైద్యుల చేతిలో ప్రధానంగా మిగిలింది అజిత్రోమైసిన్. పాకిస్థాన్ 2019లో టైఫాయిడ్ టీకాను సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేర్చవలసి వచ్చింది. పొరుగువారికి ఆఖరి ఆసరాగా నిలిచిన ఆ మందునే మనం జలుబుకు మింగుతున్నాం. 2019లో మన ప్రైవేటు రంగంలో అత్యధికంగా వాడిన యాంటీబయాటిక్ మాత్ర అజిత్రోమైసినేనని ఒక అధ్యయనం తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆచితూచి వాడవలసిన మందుల కోవలో ఉంచింది. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది ప్రాణాలు కోల్పోయినట్లు అంచనా.

అలాగని తెరవైద్యాన్ని కట్టడి చేస్తే సమస్య తీరుతుందా? తీరదు. అక్కడ తలుపు మూస్తే రోగి నేరుగా వీధి చివరి మందుల దుకాణానికి వెళతాడు. 24 యాంటీబయాటిక్‌లను షెడ్యూల్ హెచ్-1లో చేర్చి, వాటి అమ్మకాలకు ప్రత్యేక రిజిస్టరు ఉంచాలన్న నిబంధన 2014 మార్చి నుంచి అమలులో ఉంది. చీటీ లేనిదే అమ్మరాని మందులకు గుర్తుగా స్ట్రిప్పుపై ఎర్రగీత గీయించి 2016లో ప్రచారమూ చేపట్టారు. అయినా చీటీ అడగని దుకాణాలకు కొదవ లేదు. కేరళ 2024లో దుకాణాలపై ఆకస్మిక దాడులకు పూనుకోవలసి రావడమే ఇందుకు నిదర్శనం.

దుకాణంలో చేతులు మారిన మాత్రకు జాడ ఉండదు. తెరపై రాసిన చీటీకి జాడ ఉంటుంది. వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రోగి చెప్పిన బాధ, రాసిన మందు అన్నీ నమోదై ఉంటాయి. ఆ నమోదు నేడు అమ్మకానికి అనుమతి పత్రంగా మాత్రమే ఉపయోగపడుతున్నది. ప్రజారోగ్యానికి కాపలాదారుగా మార్చుకోగల అరుదైన అవకాశం అందులోనే ఉంది.

అందుకు చేయవలసినవి కష్టసాధ్యమైనవేమీ కావు. తొలి సంప్రదింపులో రోగిని వీడియోలోనైనా చూడకుండా, కేవలం సందేశాలపైనో మాటలపైనో యాంటీబయాటిక్ రాయడాన్ని నిషేధించాలి. ఆ మందు ఎందుకు రాస్తున్నదీ చీటీపై తెలపాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ 2024 జనవరిలో వైద్యులకు విజ్ఞప్తి చేశారు. తెరవైద్యంలోనైనా ఆ విజ్ఞప్తి విధిగా మారాలి. మందు రాయకుండా పంపిన రోగిని రెండు రోజుల తర్వాత అదే ఫీజుపై మళ్లీ పలకరించే ఏర్పాటు ఉండాలి. జ్వరం, దగ్గులతో వచ్చిన వారిలో ఎందరికి యాంటీబయాటిక్ రాశారో ప్రతి సంస్థా ప్రకటించాలి. రాష్ట్రాల వైద్య మండళ్లు ఆ చీటీలలో కొన్నింటినైనా పరిశీలించాలి. ఆన్‌లైన్ మందుల అమ్మకాలకు 2018లో వెలువడిన ముసాయిదా నిబంధనలు ఏళ్ల తరబడి నానిన తీరు ఇక్కడా పునరావృతం కారాదు. సూక్ష్మజీవుల నిరోధకతపై 2025 నవంబరులో కేంద్రం విడుదల చేసిన రెండో జాతీయ కార్యాచరణ ప్రణాళికకు సార్థకత చేకూరేది ఇటువంటి చిన్న చిన్న అడుగులతోనే.

రోగుల బాధ్యతా తక్కువది కాదు. బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే ఏదో ఒక మందు పడాలని ఆరాటపడటం సహజం. కానీ అవసరం లేనినాడు మింగిన మాత్ర, అవసరమైననాడు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ నష్టం మనింటితోనూ ఆగదు, ఊరందరికీ పాకుతుంది. ‘ఇప్పుడు యాంటీబయాటిక్ అక్కర్లేదు, రెండు రోజులు కనిపెట్టి చూడండి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి’ అని చెప్పిన వైద్యుడు తన పని మానలేదు. చేయవలసిన వైద్యమే చేశాడు. ఆ మాటకూ ఫీజు చెల్లించదగిన విలువ ఉందని సంస్థలు, ప్రభుత్వం, ప్రజలు గుర్తించిననాడే తెరవైద్యం నిజమైన వైద్యమనిపించుకుంటుంది.