నవ్వకండి, ఒకసారి చూపించమని అడగండి

పోయిన నెలలో ఒక రాత్రి మా రూములో పై మంచం మీద నుంచి పెద్ద కేక వినబడింది. "అన్నా, దొరికిందే! దొరికింది!" అప్పటికే లైటు తీసేశాం. పొద్దున నాలుగింటికి లేచి బస్సు ఎక్కాల్సిన ఎనిమిది మందిమి ఒక్కసారిగా లేచి కూర్చున్నాం. లాటరీ టికెట్ తగిలిందేమోనని ఒకాయన అనుకున్నాడు. ఇంటి దగ్గర భార్యకు కాన్పు అయ్యిందేమోనని నేను అనుకున్నాను. తీరా చూస్తే ఆ తమ్ముడు చూపించింది ఫోన్‌లో ఒక చేప బొమ్మ. ఎప్పుడూ ఎర్రగా కనిపించే చేప ఆ రోజు బంగారు రంగులో వచ్చిందట. దాని కోసం నెలల తరబడి చూస్తున్నాడట.

గదంతా నవ్వింది. "చిన్నపోరనివా ఏందిరా, పండుకో" అని ఒక పెద్దాయన కసిరాడు. నేనూ నవ్వాను. తమ్ముడు ఏమీ అనలేదు. ఫోన్ దిండు కింద పెట్టుకొని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తిరిగి పడుకోవడం నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు ఆ ఆట సంగతి చెప్తాను. పేరు పోకెమాన్. జపాన్‌లో టోక్యో శివార్లలోని మాచిదాలో పెరిగిన సతోషి తజిరి అనే ఆయనకు చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకోవడమంటే పిచ్చి. ఆయన పెద్దవాడయ్యేసరికి ఆ చెరువులూ చెట్లూ పోయి బిల్డింగులు లేచాయి. తన చిన్నతనపు సంతోషం రేపటి పిల్లలకు ఎలా దొరుకుతుందని ఆలోచించి, జీవులను వెతికి పట్టి పోగుచేసే ఆట తయారు చేశాడు. 1996 ఫిబ్రవరిలో అది జపాన్‌లో విడుదలైంది. అప్పుడు 151 జీవులు, ఇప్పుడు వెయ్యికి పైనే. ఆటను రెండు రకాలుగా అమ్మారు. ఒకదాంట్లో ఉన్న కొన్ని జీవులు రెండోదాంట్లో ఉండవు. అంటే ఏ పిల్లాడూ ఒంటరిగా అన్నీ పోగుచేయలేడు. పక్కవాడితో స్నేహం చేసి మార్చుకోవాల్సిందే.

ఇది చదివాక నాకు మా ఊరు గుర్తుకొచ్చింది. తొలకరి పడగానే చెల్కల్లో ఎర్రటి మఖమలు గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికి వచ్చేవి. అగ్గిపెట్టెలో తడి మట్టి వేసి, గడ్డి పరిచి దాచుకునేవాళ్లం. తుమ్మచెట్టు మీద బంగారు పురుగు దొరికిన రోజు బడిలో మనమే రాజు. దాన్ని అమ్మితే పైసా రాదు, తింటే కడుపు నిండదు. అయినా ఆ అగ్గిపెట్టె చెవి దగ్గర పెట్టుకొని పడుకున్న రాత్రి మీలో ఎంతమందికి గుర్తు లేదు? తమ్ముడి ఫోన్ కూడా అలాంటి అగ్గిపెట్టే.

వేరే రంగులో వచ్చే అరుదైన జీవులు 1999లో వచ్చిన ఆటతో మొదలయ్యాయి. అప్పుడు 8192 సార్లు ఎదురైతే ఒకసారి అలాంటిది వచ్చే లెక్క. 2013 నుంచి దాన్ని 4096కు తగ్గించారు. 2016లో వచ్చిన ఫోన్ ఆట పోకెమాన్ గోలో అంత కష్టం కాదు కానీ అరుదే. ఆ ఫోన్ ఆటలో 2017 మార్చిలో మొట్టమొదట రంగు మార్చుకొని వచ్చింది ఈ చేపే. పేరు మాజికార్ప్. ఒట్టి పనికిరాని చేప అని ఆట ఆడేవాళ్లందరికీ తెలుసు. కొట్టలేదు, గెలవలేదు, ఎగిరి పడటం ఒక్కటే వచ్చు. అలాంటి చేపలను పట్టీ పట్టీ నాలుగు వందల మిఠాయిలు కూడబెడితే అదే చేప పెద్ద సముద్రపు పాము అవుతుంది. ఇటుక మీద ఇటుక పేర్చేవాడికి ఈ లెక్క ఎందుకు నచ్చుతుందో విడిగా చెప్పనక్కర్లేదు.

రంగు మారినంత మాత్రాన ఆ జీవికి బలం పెరగదు. మరి అంత సంతోషం ఎందుకు? నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, మన బతుకులో అనుకోకుండా వచ్చే మంచి చాలా తక్కువ. జీతం ఎంతో తెలుసు, తేదీ తెలుసు, కూర ఏదో కూడా తెలుసు. అనుకోకుండా వచ్చే ఫోన్ అంటేనే గుండె దడ. రాత్రి ఇంటి నుంచి ఫోన్ మోగితే ముందు చావే గుర్తుకొస్తుంది. అలాంటి చోట ఒక్క మంచి ఆశ్చర్యం దొరికితే మనిషి కేక పెట్టడా?

రెండోది, ఇక్కడ మనదంటూ ఏముంది? మంచం కంపెనీది, బీరువా కంపెనీది, చొక్కా మీద పేరు కూడా కంపెనీదే. తమ్ముడు నాకు తర్వాత చూపించాడు. పట్టిన ప్రతి జీవి దగ్గరా పట్టిన తేదీ, పట్టిన చోటు రాసి ఉంటాయి. ఇక్కడికి వచ్చిన మొదటి శుక్రవారం పట్టింది ఒకటి, సైట్ మారిన రోజు పట్టింది ఒకటి. వాళ్ల నాయన పోయినప్పుడు సెలవు దొరక్క, క్యాంపు చుట్టూ తెల్లారేదాకా తిరిగిన రాత్రి పట్టింది ఒకటి. అది మామూలు పావురం బొమ్మ. దాన్ని మాత్రం ఎప్పటికీ వదలనన్నాడు. మనం ఆటబొమ్మలు అన్నవి వాడికి డైరీ.

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. సంతోషం చెప్పుకుంటేనే సంతోషం. వాడు ఆ రాత్రి నోరు మూసుకొని చూసుకోవచ్చు. కానీ "అన్నా" అని పిలిచాడు. చేపను చూడమని కాదు, తనను చూడమని పిలిచాడు. మేం నవ్వాం.

ఇదంతా చదివి, ఫోన్ పిచ్చిని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఇందులో ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాలతో పరీక్షలు చేశాడు. ప్రతిసారీ గింజ దొరికే పావురం కన్నా, ఎప్పుడు దొరుకుతుందో తెలియని పావురమే మీటను విడవకుండా పొడుస్తూ ఉంటుందని చూపించాడు. అరుదైన జీవి చేసే పని అదే. పేకాట చేసేది అదే, లాటరీ చేసేదీ అదే. "ఇన్నిసార్లు రాలేదు కదా, ఈసారి తప్పక వస్తుంది" అనేది ఒట్టి భ్రమ. 4096కు ఒకటి అన్నప్పుడు, 4096 సార్లు చూసినా దొరికేవాళ్లు నూటికి 63 మందే. మిగిలిన 37 మందికి ఇంకా దొరకదు. వెనక పోయిన లెక్క ముందుకు రాదు.

నిజం చెప్పాలంటే, ఆ రాత్రి నవ్విన మాలో ఐదుగురం ప్రతి నెలా లాటరీ టికెట్‌లో షేర్ పెట్టేవాళ్లమే. నేను పదకొండేళ్లుగా పెడుతున్నాను. ఇన్నేళ్లలో పోయిన సొమ్ము లెక్కేస్తే చెల్లెలికి ఒక తులం బంగారం వచ్చేది. తమ్ముడు చేప కోసం ఒక్క దిర్హమ్ పెట్టలేదు. ఇద్దరిలో చిన్నపిల్లాడు ఎవరో మీరే చెప్పండి.

అందుకే ఆడే తమ్ముళ్లకు నాలుగు మాటలు. ఆటలో డబ్బు పెట్టవద్దు. నాణేలు కొనమని అడుగుతూనే ఉంటుంది, ఇంటికి పంపే సొమ్ము అటు పోనివ్వవద్దు. అరుదైన జీవులున్న అకౌంట్ అమ్ముతామని ఎవరైనా వస్తే దూరంగా ఉండండి, డబ్బూ పోతుంది అకౌంటూ పోతుంది. నిద్ర మానవద్దు, నిద్రలేని కన్నుతో స్కఫోల్డింగ్ ఎక్కితే అక్కడ రెండో ఛాన్సు లేదు. నడిచేటప్పుడు రోడ్డు మీద ఫోన్ చూడవద్దు. ప్రభుత్వ భవనాలు, మిలిటరీ స్థలాలు, చమురు ప్లాంట్ల దగ్గర ఫోన్ పైకెత్తి తిరగవద్దు. 2016 జులైలోనే గల్ఫ్ ప్రభుత్వాలు ఈ ఆట గురించి హెచ్చరించాయి. ఆట కోసం తిరిగానంటే పోలీసు వినడు.

నవ్వే అన్నలకు ఒక్క మాటే. క్యాంపులో కుర్రాడు తాగకుండా, పేకాటలో కూర్చోకుండా, గేటు చుట్టూ పది రౌండ్లు నడిచి ఒక బొమ్మ పట్టుకొని వచ్చాడంటే వాడు తనను తాను కాపాడుకుంటున్నాడు. ఆ దారి కూడా మూసేస్తే వాడు ఎటు పోతాడో మనకు తెలియనిది కాదు. ఎవరూ పలకరించని కుర్రాళ్లు ఏమయ్యారో మన క్యాంపుల్లో అందరం చూశాం.

చివరగా మా ఇంటి సంగతి. నా కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వీడియో కాల్‌లో "తిన్నావా నాయనా", "తిన్న" అంటే అయిపోయేది మా మాట. తమ్ముడే అడిగాడు, మీ వాడు ఈ ఆట ఆడతాడా అని. ఆడతాడట, నాకే తెలియదు. ఇప్పుడు తమ్ముడు నా ఫోన్‌లో కూడా పెట్టిచ్చాడు. నేను నడిచిన చోటి నుంచి ఆటలో చిన్న కానుక పంపిస్తే, ఆ చోటి ఫోటోతో సహా వాడికి అందుతుంది. క్యాంపు దగ్గరి పార్కు, మసీదు ముందు ఫౌంటెన్ అలా చూశాడు. "నాయనా, నువ్వు ఉండేది ఇక్కడనా?" అని మొన్న మొదటిసారి అడిగాడు. ఎనిమిదేళ్లలో మొదటిసారి.

నా దగ్గర రెండు జీవులు వాడికి కావాలట. వాటిని మార్చుకోవాలంటే మామూలుగా రెండు ఫోన్లూ దగ్గర దగ్గర ఉండాలి. వచ్చే వెకేషన్‌కు ఎన్ని నెలలుందో వాడే లెక్కపెట్టి చెప్తున్నాడు.

ఆ తమ్ముడికి క్షమాపణ చెప్పాను. మీ రూములో కూడా అలాంటి కేక వినబడితే లైటు వేసి, "ఏదీ, చూపించు" అనండి. అర నిమిషం పని.