బిళ్ళకు ముందు పరీక్ష

పొద్దుగూకితే దారి కనిపించని మనిషికి పామూరు పల్లెల్లో ఎవరైనా చెప్పేది ఒకటే, విటమిన్ ఎ వాడమని. ఆ నమ్మకం ఊరికే రాలేదు. తిండి లోపంతో పిల్లలకు వచ్చే రేచీకటిని ఆ విటమినే పోగొడుతుంది. 1970 నుంచి ప్రభుత్వం పసిపిల్లలకు పోయిస్తున్న మందు అదే, దాన్ని ఎవరూ మానకూడదు. కానీ రేచీకటితోనే మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా వేరు. అందులో జన్యులోపం వల్ల కంటిలోని రెటీనా కణాలే క్రమంగా చచ్చిపోతాయి. మేనరికాల్లో తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇది మనకు దూరపు జబ్బు కాదు.

ఈ జబ్బుకు మందుగా విటమిన్ ఎకు పేరు రావడానికి మూలం 1993లో అమెరికాలో ఎలియట్ బెర్సన్ బృందం ప్రకటించిన ఫలితాలు. 601 మందిని పరీక్షిస్తే, రోజుకు 15,000 యూనిట్లు వాడినవారిలో రెటీనా క్షీణత కాస్త నెమ్మదించినట్టు తేలింది. 400 యూనిట్ల విటమిన్ ఇ వాడినవారిలో అది వేగం పుంజుకున్నట్టూ తేలింది. మొదటి మాటే లోకమంతా పాకింది. 2023లో రోగుల జన్యు వివరాలు జతచేసి ఆ పాత లెక్కలనే మళ్ళీ చూస్తే, విటమిన్ ఎ వల్ల అందరికీ వర్తించే మేలేదీ కనిపించలేదు. స్టార్‌గార్ట్ అనే మరో వంశపారంపర్య జబ్బులోనైతే విటమిన్ ఎ నుంచి పుట్టే వ్యర్థమే రెటీనాలో పేరుకుంటుంది. అక్కడ ఈ బిళ్ళ హానికే దారి తీయవచ్చు.

విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుందంటారు. బి, సి విటమిన్ల విషయంలో అది చాలావరకు నిజం. ఎ మాత్రం కాలేయంలో నిల్వ ఉండి దాన్ని దెబ్బతీస్తుంది, ఎముకలను బలహీనపరుస్తుంది. గర్భిణి పెద్ద మోతాదులో వాడితే బిడ్డ అవయవ లోపాలతో పుట్టే ముప్పుంది. మునగాకు, క్యారెట్ తింటే ఈ భయం లేదు, వాటిలోని బీటా కెరోటిన్‌ను ఒళ్ళు అవసరమైనంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. అదే బీటా కెరోటిన్ బిళ్ళగా మింగితే సంగతి వేరు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగేవారిపై జరిగి 1994లో వెలువడిన అధ్యయనంలో, దాన్ని వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. కొన్ని కంటి విటమిన్ బిళ్ళల్లో ఇదీ ఉంటుంది. పొగాకు పండించే, కాల్చే మన ప్రాంతంలో చీటీ లేకుండా వాటిని అమ్మడం నాకు భయం కలిగిస్తోంది.

వైద్యం లేని జబ్బుకు ఏదో ఒకటి వాడనివ్వండి అనే బంధువుల వేదన నాకు అర్థమవుతుంది. నిజంగానే విటమిన్‌తో అదుపు చేయగల అరుదైన రకాలున్నాయి. జైరేట్ అట్రఫీ అనే రకంలో కొందరికి బి6 పనిచేస్తుంది. అయితే ఏ రకమో తెలిసేది పరీక్షతోనే. ఇప్పటికే బిళ్ళలు మింగుతున్నవారు ఆ అట్టతో సహా రెటీనా డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి. కాలేయ పరీక్ష చేయించమని, జన్యు పరీక్ష ఎక్కడ చేస్తారో చెప్పమని అడగాలి.