తాళం మార్చినా పాత చెవి చెల్లితే?

గుంతకల్లు జంక్షన్‌లో సిగ్నల్ పడనిదే బండి కదలదు. మీ ల్యాప్‌టాప్‌లో ఆ పని సెక్యూర్ బూట్‌ది. స్విచ్ నొక్కగానే, విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాంలకు నమ్మదగిన డిజిటల్ సంతకం ఉందా అని చూస్తుంది. లేకపోతే ఆపేస్తుంది.

ఈ కాపలానూ దాటొచ్చని 2023 మార్చిలో ఈసెట్ సంస్థ వివరాలు బయటపెట్టిన 'బ్లాక్‌లోటస్' చూపించింది. అది వాడుకున్న లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జనవరిలోనే సరిచేసింది. మరి ఎలా దూరింది? లోపమున్న పాత ఫైళ్ల సంతకాలు అప్పటికీ రద్దు కాలేదు. తాళం మార్చారు గానీ పాత చెవి చెల్లుతూనే ఉంది! విండోస్ కంటే ముందే లేస్తుంది కాబట్టి డిఫెండర్‌నూ పడుకోబెడుతుంది. దాక్కునేది వేరే పార్టిషన్‌లో కనుక సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తే పోదు.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నారా? రైల్వే దరఖాస్తు, సర్టిఫికెట్లు, బ్యాంకు వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. పైరేటెడ్ విండోస్ వేసేటప్పుడు ఎవరైనా సెక్యూర్ బూట్ ఆపేసి ఉండొచ్చు. ఇవాళే 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' తెరిచి 'సెక్యూర్ బూట్ స్టేట్' ఆన్‌లో ఉందేమో చూడండి. డేటా అయిపోతుందని అప్‌డేట్లు ఆపుకోవద్దు. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్‌తో మొదలై తీరిపోతుంది. కొత్తవి ఎక్కువగా అప్‌డేట్లతోనే వస్తాయి.

సైబర్ సెక్యూరిటీ ఇంటర్వ్యూకు వెళ్తుంటే 'ప్యాచ్ వేస్తే చాలు' అనే జవాబు దగ్గర ఆగకండి. పాత సంతకాలు రద్దు చేస్తే పాత బూటబుల్ పెన్‌డ్రైవ్‌లు, రికవరీ డిస్కులు మొరాయిస్తాయి. అందుకే 2023 మే నుంచి మైక్రోసాఫ్ట్ ఆ పని దశలవారీగా చేస్తోంది. ఈ చిక్కును మీ మాటల్లో చెప్పగలిగితే, బట్టీ పట్టినవారికీ మీకూ తేడా అక్కడే తెలుస్తుంది.