కాయ ఆగదు... రైతు ఆగేదెలా?

కుప్పంలో బెంగళూరు ప్యాసింజరెక్కితే తర్వాత వచ్చే ఊరు గుడుపల్లె. ఇంకాస్త ముందుకెళితే కర్ణాటక... బంగారుపేట, మాలూరు. రైలుకి సరిహద్దు పట్టదు. మామిడికి మాత్రం పడుతుందని 2025 జూన్‌లో తెలిసింది! పొరుగు రాష్ట్రాల తోతాపురి కాయ జిల్లాలోకి రాకూడదని చిత్తూరు అధికారులు ఆంక్ష పెట్టారు. శ్రీనివాసపురం వైపు రైతులు గగ్గోలెత్తిపోయారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు.

మనవాళ్ల బాధ మనవాళ్లది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, వెరసి 12 అన్నారు. ఆ ఎనిమిదీ చేతికి రావడం లేదని రైతులు రోడ్డెక్కారు.

ఫ్యాక్టరీలు ఎందుకు వెనక్కి తగ్గాయి? అంతకుముందు ఏడాది గుజ్జే ఇంకా గోదాముల్లో ఉండిపోయింది కాబట్టి. సూక్ష్మజీవులు చేరని సంచిలో పోసి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో పెడతారు. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు. దానికి దాదాపు 400 కిలోల కాయ కావాలి. ఫ్రిజ్ అక్కర్లేకుండానే ఏడాదిన్నర నిక్షేపంలా ఉంటుంది. మనం తాగే మామిడి రసమైనా, గల్ఫ్‌కో యూరప్‌కో వెళ్లే సరుకైనా ఈ డ్రమ్ముల్లోంచే. మరి రైతు కాయో? కోశాక నాలుగు రోజులు దాటితే మెత్తబడుతుంది. అమ్మేవాడు వారం ఆగలేడు, కొనేవాడు ఏడాది ఆగగలడు. ఇక బేరమేముంది!

‘అందరూ కలిసి అమ్ముకోవచ్చుగా’ అంటారు పట్నంలో కూర్చుని చదివేవాళ్లు. కలవడానికి దారులు లేకపోలేదు. పదిమంది రైతులుంటే చాలు, సొంతంగా ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చని 2002లోనే చట్టం సవరించారు. 2020లో కేంద్రం పదివేల రైతు సంఘాల పథకం తెచ్చింది. ఒక్కో సంఘం నడపడానికి మూడేళ్లకు 18 లక్షల దాకా ఇస్తామంది. నెలకు యాభై వేలు. మేనేజరు, లెక్కలు రాసేవాడు, ఆఫీసు అద్దె... అంతటితో సరి. శీతల గది అందులో రాదు.

అసలు కాయ ఒకచోట చేర్చినంత మాత్రాన ఏమవుతుంది? విడివిడిగా నిలబడే వంద ట్రాక్టర్లు కలిసి నిలబడతాయి, అంతే. మారాల్సింది డ్రమ్ము ఎవరిదన్నది. ఫ్యాక్టరీకి కాయ అమ్మేయకుండా, కూలి ఇచ్చి గుజ్జు తీయించుకుని డ్రమ్ములు సంఘం పేరున ఉంచుకోగలిగితే అప్పుడు రైతు కూడా ఆగగలడు. అయితే పిల్లల ఫీజులకూ ఎరువులకూ డబ్బు జులైలోనే కావాలి. డ్రమ్ముల మీద బ్యాంకు అప్పిస్తేనే ఇది కుదిరే పని. 2020 పథకంలో సంఘాల అప్పుకి 2 కోట్ల వరకు హామీ ఉంది. నన్నడిగితే ఆ 18 లక్షల కంటే దీని గురించే సంఘాలు ఎక్కువ ఆరా తీయాలి.

బేనీషా లాంటి తినే పండుది వేరే కథ. దాని శత్రువు పండుఈగ. ఆ ఈగ కనబడిందనే 2014 మేలో యూరప్ మన మామిడిని ఆపేసింది. మళ్లీ 2015 జనవరిలో గానీ తలుపు తీయలేదు. ఈగ కోసం మీ తోటలో ఎర బుట్టలు కట్టారనుకోండి, పక్క తోటాయన కట్టకపోతే ఏం లాభం? ఊరంతా కడితేనే ఫలితం. అమెరికాకైతే 2007 నుంచి వెళుతోంది గానీ, ముందు గామా కిరణాల శుద్ధి చేయించాల్సిందే. దక్షిణాదిలో ఆ కేంద్రం ఉన్నది మన రైలు దారిలోని మాలూరులోనే. అక్కడి కాయ ఇటు రావద్దన్నాం, మన పండు అమెరికా వెళ్లాలంటే అటు పోవాలి!

మహారాష్ట్ర ద్రాక్ష రైతులు 1991లోనే సహకార సంఘాలన్నిటినీ కలిపి ‘మహాగ్రేప్స్’ పెట్టుకుని యూరప్‌కి పంపారు. ఎగుమతి పండ్లకు వాళ్లదే పెద్ద బడి. అయినా 2010లో మన దేశపు ద్రాక్షలో ఒక మందు అవశేషాలు దొరికేసరికి యూరప్‌లో పెట్టెలకు పెట్టెలు తిరస్కరించారు. మందు కొట్టిన తోట ఏదైనా దెబ్బ అందరికీ తగిలింది.

సంఘాలు కరవు ఏడాదిలో విరిగిపోతాయనుకుంటాం. కాదు, ధర బాగున్న ఏడాదే విరుగుతాయి. మండీ వ్యాపారి తోటకొచ్చి కిలోకి రెండు రూపాయలెక్కువిస్తానంటే, సంఘం సభ్యుడు రాత్రికి రాత్రి కాయ దింపేస్తాడు. అతణ్నేం అంటాం? 2002లో మూతపడిన చిత్తూరు సహకార డెయిరీని చూసిన జిల్లా ఇది. సంఘం అంటే అనుమానం ఉండదా మరి!

అందుకే పంటంతా సంఘానికే పోయాలని పట్టుబట్టకుండా, మూడో వంతు తప్పనిసరి, మిగతాది ఎవరిష్టం వారిదని పూత సమయంలోనే రాసుకుంటే మేలు. ధర పెరిగాక కూర్చుంటే సంతకాలు పెట్టేవాళ్లుండరు.