గోవా ప్లానూ, ఫైర్ డ్రిల్లూ

మొన్న ఒకే రోజు రెండు మెయిళ్ళు వచ్చాయి. మొదటిది ఫెసిలిటీస్ వాళ్ళది. మధ్యాహ్నం మూడింటికి ఫైర్ డ్రిల్లు, అందరూ లిఫ్టులు వదిలేసి మెట్ల మీదుగా కిందికి దిగాలి అని. రెండోది మా టీములో ఒక కుర్రాడిది. సబ్జెక్టు లైన్లో ఒకటే మాట: గోవా!!! (ఆశ్చర్యార్థకాలు వాడివే, నేను కలిపినవి కావు.)

ఫైర్ డ్రిల్లుకి మనం ఎలా వెళ్తామో మీకు చెప్పక్కర్లేదు. ఒక చేతిలో కాఫీ కప్పు, ఇంకో చేతిలో ఫోను, "నా బిల్డు సగంలో ఉందిరా నాయనా" అని సణుగుడు. ఏడు అంతస్తులు దిగేసరికి గోవా ప్లాను మొత్తం తయారైపోయింది. ఎన్ని రోజులు, ఎన్ని కార్లు, బాగాలో ఉండాలా కలంగూట్‌లో ఉండాలా, ఏ రాత్రి ఏ క్లబ్బు, అన్నీ మెట్ల మీదే తేలిపోయాయి. కింద ఎర్ర టోపీ పెట్టుకున్న ఫ్లోర్ వార్డెన్ పాపం మా పేర్లకి టిక్కులు పెట్టుకుంటుంటే మావాళ్ళు బండ్ల అద్దె లెక్కలు వేస్తున్నారు.

నాకు మాత్రం ఆ రెండు మెయిళ్ళూ తారుమారుగా వచ్చాయేమో అనిపించింది. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ముందే ఒక మాట. నేను మందు ముట్టనివాణ్ణి కాదు. గోవా నాకు చాలా ఇష్టమైన చోటు, అయిదారుసార్లు వెళ్ళొచ్చాను. కాబట్టి దీన్ని పెద్దమనిషి ఉపన్యాసం కింద కొట్టిపారేయకండి. నా గొడవల్లా ఒక్క మాటతోనే. "గోవా కదా, లైట్ తీస్కో" అంటామే, ఆ మాటతో. ఎవరు లైట్ తీసుకుంటున్నారు? ఎవరి ఊళ్ళో?

అసలు గోవా వాళ్ళు ఎలా తాగుతారో ఎప్పుడైనా చూశారా? బాగాలో కనిపించరు. అక్కణ్ణుంచి ఓ పది కిలోమీటర్లు లోపలికి, ఏ చర్చి వెనక సందులోకో వెళ్ళాలి. ఒక చిన్న గది, రెండు బల్లలు, గోడకి ఏసుక్రీస్తు పటం, దాని కింద అద్దాల బీరువాలో సీసాలు. దాన్ని వాళ్ళు టవెర్నా అంటారు. సాయంత్రం ఒక పెద్దాయన వస్తాడు. ఒక పెగ్గు ఫెనీ పోయించుకుంటాడు, యజమానితో ఫుట్‌బాల్ గురించో పంచాయతీ గురించో పావుగంట మాట్లాడతాడు, లేచి ఇంటికి అన్నానికి వెళ్ళిపోతాడు. అంతే! మధ్యాహ్నం వెళ్తే తలుపు మూసి ఉంటుంది, నిద్ర టైము. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను తలుపు కొట్టబోతే పక్కింటావిడ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మార్చి నుంచి మే దాకా అయితే ఉర్రాక్ దొరుకుతుంది. జీడిమామిడి పళ్ళు తొక్కి తీసిన రసాన్ని పులియబెట్టి మొదటిసారి బట్టీ పెడితే వచ్చేది ఉర్రాక్. దాన్ని మళ్ళీ బట్టీ పెడితే ఫెనీ. ఉర్రాక్ నిలవ ఉండదు కాబట్టి ఊరు దాటి పెద్దగా బయటికి రాదు. లిమ్కా, నిమ్మచెక్క, ఉప్పు, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయ వేసి ఇస్తారు. మనవాళ్ళకి తెగ నచ్చాల్సిన సరుకు అది (పచ్చిమిరపకాయ ఉంది మరి). కానీ నాతో వచ్చినవాళ్ళలో సగంమంది దాని పేరు కూడా వినలేదు. 2009లో జీడిమామిడి ఫెనీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం మాత్రం అక్కడికి వెళ్ళి మన ఊళ్ళో దొరికే బీరే, ఇక్కడికంటే తక్కువ రేటుకి దొరుకుతోందని, రెండింతలు తాగి వస్తాం.

దీనికి కారణం నాకు తోచింది చెప్తాను, తప్పయితే తిట్టండి. మన దగ్గర వైన్ షాపు గుర్తు తెచ్చుకోండి. ఇనుప గ్రిల్లు, దాంట్లో ఒక చిన్న కంత, అందులోకి దూరిన పది చేతులు. పక్కన పర్మిట్ రూములో నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో పోసుకుని, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని గబగబా గొంతులో ఒంపుకోవడం. 1995లో మద్యనిషేధం పెట్టాం, 1997లో సడలించాం. ఆ తర్వాత కూడా తాగడమంటే ఒక దొంగపని లాగే మిగిలింది. సిగ్గుతో తాగేవాడికి నెమ్మదిగా తాగడం రాదు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి, గ్రిల్లు లేని చోట, ఎదురుగా సముద్రం ఉన్న చోట కూర్చోబెడితే ఏమవుతుంది? ఎవరో లాక్కుపోతారన్నట్టు తాగుతాడు. ఊరు మారింది గానీ వాడింకా పర్మిట్ రూములోనే ఉన్నాడు.

"అక్కడ రూల్స్ ఏమీ ఉండవు మామా" అని ఇంకో పెద్ద అపోహ. రూల్స్ ఉన్నాయి, చాలా ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులూ స్పీకర్లూ పెట్టకూడదు. ప్రభుత్వం కావాలంటే ఏడాదికి 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. 2005లో సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టి తీర్పే ఇచ్చింది. నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, అంటే ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే గొంతు కంటే తక్కువ. అంజునా, వాగతోర్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఈ మోతమీద ఏళ్ళ తరబడి పోలీసులకీ కోర్టులకీ తిరుగుతూనే ఉన్నారు. ఆ పరీక్షలు రాసే పిల్లలూ, గుండెజబ్బు ముసలాళ్ళూ మన సెల్ఫీల్లో పడరు కాబట్టి మనకి తెలీదు. బీచిలో తాగడం కూడా 2019లోనే నిషేధించారు. అప్పట్లో విడిగా దొరికితే రెండు వేలు, గుంపుగా దొరికితే పది వేలు జరిమానా పెట్టారు. ఇసకలో పగిలిన సీసా పెంకు మీద ఒక్కసారి కాలేస్తే ఆ చట్టం ఎందుకొచ్చిందో ఇట్టే అర్థమవుతుంది.

ఈ పది గంటల రూలుకి దక్షిణ గోవాలో పాలోలెం వాళ్ళు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. హెడ్‌ఫోన్ పార్టీ. వచ్చినవాళ్ళందరికీ తలా ఒక హెడ్‌ఫోన్ ఇస్తారు. డీజేలు వేరువేరు ఛానళ్ళలో పాటలు వేస్తుంటారు, ఏ ఛానల్లో ఉన్నావో దాన్నిబట్టి చెవి దగ్గర లైటు రంగు మారుతుంది. హెడ్‌ఫోన్ తీసేస్తే చుట్టూ నిశ్శబ్దం, వందమంది ఎవరి లోకంలో వాళ్ళు ఎగురుతూ, మధ్యలో అలల చప్పుడు. మొదటిసారి చూసి కడుపుబ్బ నవ్వాను గానీ, మనం రోజూ రాసే వర్క్‌అరౌండ్లలో ఇంత మర్యాదైనది ఒక్కటి చూపించండి! పక్కింటివాడి నిద్రకి భంగం లేదు, వీళ్ళ సరదాకీ లోటు లేదు.

ఇప్పుడు నా సొంత గోల. కొన్నేళ్ళ కిందట ఆరుగురం వెళ్ళాం. ఒక షాక్‌లో కూర్చున్నాం (షాక్ అంటే బీచి మీద సీజను వరకూ వేసే పాక హోటలు). రాత్రి ఒంటిగంట దాటింది. మావాడొకడు, పేరు వద్దులెండి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, లేచి చొక్కా విప్పి తిన్నగా సముద్రంలోకి నడిచాడు. మేము చప్పట్లు కొట్టాం. అవును, చప్పట్లే. ఇద్దరు వీడియో కూడా తీశారు. మోకాళ్ళు దాటి నడుము దాకా వెళ్ళాడు. అప్పుడు మాకు ఆమ్లెట్లు తెచ్చిన కుర్రాడు, ఓ ఇరవై ఏళ్ళుంటాయేమో, చేతిలో ట్రే ఇసకలో పడేసి పరిగెత్తాడు. ఒక అల వచ్చి వీణ్ణి పడగొట్టింది, లేవలేకపోయాడు. ఆ కుర్రాడు జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

మావాడు కక్కుకుని తేరుకున్నాక ఆ అబ్బాయిని అడిగాను, ఇలా తరచూ జరుగుతుందా అని. సీజన్లో వారానికి ఒకటీ రెండూ సార్లు అన్నాడు హిందీలో, తడిసిన ప్యాంటు పిండుకుంటూ. మరి లైఫ్‌గార్డులు? వాళ్ళ డ్యూటీ సాయంత్రంతో అయిపోతుంది సార్, రాత్రిపూట మేమే. ఊరెక్కడ అంటే జార్ఖండ్ అన్నాడు. ఈత వచ్చా అంటే, ఊళ్ళో చెరువులో నేర్చుకున్నా, సముద్రం వేరు కదా అన్నాడు. మేం లేచేదాకా వాడికి పడుకోవడానికి చోటు లేదని ఆ తర్వాత తెలిసింది. మేం కూర్చున్న బల్లలే కలుపుకుని వాడు పడుకునేది. బిల్లులో ఆ రెండో ప్లేటు ఆమ్లెట్లకి డబ్బులు వెయ్యలేదని మావాళ్ళు సంతోషించారు కూడా.

ఆ పిల్లవాడి మొహం నాకు మళ్ళీ గుర్తొచ్చింది 2025 డిసెంబరులో. 6వ తేదీ అర్ధరాత్రి వేళ అర్పోరాలో ఒక నైట్‌క్లబ్బు తగలబడింది. బాగా పక్కనే అర్పోరా, మనం బండేసుకుని చక్కర్లు కొట్టే దారే. 25 మంది పోయారు. మనలో చాలామంది ఆ వార్త చూసి "అయ్యో టూరిస్టులు" అనుకున్నాం. వివరాలు వచ్చాక తెలిసింది, పోయినవాళ్ళలో 20 మంది అక్కడ పనిచేసేవాళ్ళు. వంటవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు, సర్వర్లు. ఉత్తరాఖండ్, జార్ఖండ్, అస్సాం, నేపాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు. పైన డాన్సు జరుగుతోంది, వంటగది కింద. మంటకంటే పొగే చాలామందిని చంపింది. లోపల కాల్చిన ఎలక్ట్రిక్ బాణసంచా వల్ల అంటుకుందని మొదట్లో చెప్పారు. దారి ఇరుకు కావడంతో ఫైరింజన్లు క్లబ్బు దాకా వెళ్ళలేకపోయాయి. ఆ కట్టడానికి పంచాయతీ అంతకుముందే కూల్చివేత నోటీసు ఇచ్చిందనీ, దాని మీద పైవాళ్ళు స్టే ఇచ్చారనీ కూడా పేపర్లలో వచ్చింది.

యజమానులదీ, అనుమతులిచ్చిన అధికారులదీ తప్పు కాదా అంటే, ముమ్మాటికీ వాళ్ళదే. తేల్చడానికి కోర్టులున్నాయి. నేనడిగేది అది కాదు. ఏ పనిచేసినా "ఇది ఫెయిలైతే ఏంటి?" అని అడగడం నేర్పించారు మనకి. ఒక సర్వరు పడిపోతే రెండోది ఉందా, డేటా పోతే బ్యాకప్పు ఉందా అని రోజంతా తలలు బద్దలు కొట్టుకుంటాం. అదే మనం, ఒకే ఒక్క ఇరుకు మెట్లున్న గదిలో, ఎండుతాటాకు కప్పు కింద, నిప్పురవ్వలు చిమ్మే సీసాని ఎవరో ఊరేగిస్తుంటే ఫోన్లు పైకెత్తి కేరింతలు కొడతాం. నేనూ కొట్టాను, ఒకటికి రెండుసార్లు. రెండో తలుపు ఎక్కడుందో చూడాలన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే ఒట్టు. కౌంటరు వెనక వంటగదిలో పనిచేసేవాళ్ళకి తలుపు ఉందా అన్నది మరీ దూరపు మాట.

అడిగితే ఏమవుతుంది అంటారా? ఏమో. కానీ హోటల్ బుక్ చేసేటప్పుడు వైఫై స్పీడు అడుగుతాం, పార్కింగు అడుగుతాం, స్విమ్మింగ్ పూలు ఎన్ని అడుగుల లోతో అడుగుతాం. అడిగినవన్నీ వాళ్ళు ఏర్పాటు చేస్తున్నారు కదా! ముప్ఫైమంది టీముకి బుకింగ్ చేసేవాడు "ఫైర్ ఎన్ఓసీ ఉందా, ఎగ్జిట్లు ఎన్ని" అని ఒక మెయిల్ కొడితే పోయేదేముంది? మన కంపెనీలు డేటా సెంటరు అద్దెకి తీసుకునే ముందు అడిగే ప్రశ్నల్లో పదోవంతు చాలు.

సరే, ఆ మెయిల్‌కి నేనిచ్చిన రిప్లై ఇది: డిసెంబరు వద్దు, మార్చి చివర పెట్టుకుందాం, రద్దీ తక్కువ, ఉర్రాక్ దొరుకుతుంది. బాగా వద్దు, పాలోలెం వెళ్దాం. ఒక సాయంత్రం టవెర్నా, ఆ తర్వాత రోడ్డుపక్క బండి మీద రోస్ ఆమ్లెట్ (చికెన్ పులుసులో ముంచిన ఆమ్లెట్టు, పావుతో తినాలి, వదలకండి). క్లబ్బుకి వెళ్తే ముందు నేను వెళ్ళి తలుపులు లెక్కపెట్టి వస్తాను. సర్వర్లకి టిప్పు బిల్లులో కాదు, చేతికివ్వాలి. చీకటి పడ్డాక ఎవడూ నీళ్ళలోకి దిగకూడదు, దిగినవాడికి చప్పట్లు కొట్టేవాళ్ళని కూడా దిగినట్టే లెక్కేస్తాను.

మూడు రోజులైంది. పదకొండుమందిలో ఇద్దరే జవాబిచ్చారు. ఒకడు, మార్చి చివర అప్రైజల్స్ కదా బాస్ అన్నాడు. రెండోవాడు, ఆ రోజు చొక్కా విప్పి సముద్రంలోకి నడిచిన మహానుభావుడే, ఆ షాక్ కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడేమో, కనుక్కోవడం కుదురుతుందా అని రాశాడు.