లొకేషన్ కబుర్లు: సైకిలెక్కితే కనిపించే గోదావరి

"సినిమాల్లో కాలువ గట్టూ, గట్టు మీద చెట్లూ, చెట్ల నీడలో ఓణీ ఎగరేసుకుంటూ సైకిలు తొక్కే హీరోయినూ కనిపిస్తారు కదా... ఆ గట్టు నిజంగా ఉందా? లేక సెట్టింగా?"

ఈ ప్రశ్న వేసింది హైదరాబాదులో కాలేజీ చదువుతున్న ఓ కుర్రాడు. ఊరు హైదరాబాదు కాబట్టి క్షమించేద్దాం!

ఉంది బాబూ, ఉంది. కాకపోతే దానికో పట్టుదల. బస్సులో వెళ్ళేవాడికి కనిపించదు. కారులో వెళ్ళేవాడికి ఇలా కనిపించి అలా మాయమైపోతుంది. సైకిలు మీద వెళ్ళేవాడికి మాత్రం "రా, కూచో" అంటుంది. ఈ మాట నాది కాదు, మా నాన్నది. ఆయన మాటకు విలువ ఎందుకివ్వాలంటే, కుర్రతనంలో ఆయన సైకిలు మీద సినిమా పెట్టెలు మోసిన మనిషి. ఆ రోజుల్లో ఒకే ప్రింటు పక్కపక్క ఊళ్ళలో రెండు హాళ్ళలో ఆడేది. ఇక్కడ రీలు అయిపోగానే పెట్టె కేరియర్‌కి కట్టుకుని, కాలువ గట్టు మీద పడి రెండో హాలుకి పరుగు. ఆలస్యమైతే నేల టిక్కెట్టు జనం వేసే ఈలలు గట్టు దాకా వినిపించేవట!

ఇంతకీ ఈ గట్లు ఎక్కడివి? కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడు దాని స్థానంలో ఆయన పేరుతోనే బ్యారేజి ఉంది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి నీళ్ళు పోతాయి. కాలువ తవ్విన మట్టి పక్కన పోస్తే గట్టయింది, గట్టు మీద జనం నడిస్తే దారయింది. నీళ్ళు తమంత తాము పారేలా సన్నటి వాలుతో తవ్వారు కాబట్టి ఈ దారుల్లో మెట్టా పల్లమూ ఉండవు. గేర్లు లేని డొక్కు సైకిలైనా చాలు. ఆయాసం రాదు, ఆకలి మాత్రం వస్తుంది.

సరే, మూడు దారులు చెబుతాను. రాసుకోండి.

మొదటిది, లాకుల దారి. రాజమండ్రిలో తెల్లారకుండా లేవండి. ధవళేశ్వరం వచ్చి బ్యారేజి ఎక్కండి. ఇది నాలుగు ముక్కల బ్యారేజి... ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో లంకలు. రెండో ముక్క దాటగానే బొబ్బర్లంక. ఇక్కడ లారీల రోడ్డు వదిలేసి కాలువ పట్టుకోండి. ఆత్రేయపురం వస్తుంది. పూతరేకులకు 2023లో జి.ఐ. గుర్తింపు వచ్చిన ఊరు. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఇలా పరిచి అలా తీస్తే, కాగితం కంటే పల్చటి రేకు లేచి వస్తుంది. అది చూడకుండా పొట్లం మాత్రం కొనుక్కుని పోయేవాడు ట్రైలరు చూసి సినిమా చూశానని చెప్పుకునే రకం!

ఆ తర్వాత లొల్ల లాకులు. పడవల కాలంలో కాలువ మట్టం మారే చోట పడవని లాకులో పెట్టి, తలుపులు మూసి, నీళ్ళు నింపి ఎక్కించేవారు, వదిలి దింపేవారు. షూటింగు పార్టీలు ఇక్కడికి ఎందుకు వస్తాయో చెట్ల కింద పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. అక్కణ్ణించి ర్యాలి వెళ్ళండి. జగన్మోహినీ కేశవస్వామి... ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక నుంచి చూస్తే మోహిని. ఒకే రాతిలో డబుల్ రోల్! రాజమండ్రి నుంచి ఇక్కడికి సుమారు పాతిక కిలోమీటర్లు. ఒక్క హెచ్చరిక: శనివారం వెళ్ళకండి. పక్కనే వాడపల్లి వెంకన్న, ఆ రోజు దారంతా జనమే.

రెండోది, సముద్రం దారి. నరసాపురం రేవులో సైకిలుతో సహా పంటు ఎక్కండి. వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణించి కొబ్బరి తోటల మధ్య అంతర్వేది దాకా. నరసింహస్వామి దర్శనం చేసుకుని లైట్‌హౌస్ వైపు తొక్కితే నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం తిరిగి రండి. అప్పటికి సముద్రపు గాలి మొదలై వెనక నుంచి మిమ్మల్ని తోసి ఇంటికి పంపిస్తుంది. వరదల్లో పంటు ఆగిపోతుంది కాబట్టి సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా పెట్టుకోండి. ఒక పక్క సార్వా కుప్పలు, ఇంకో పక్క దాళ్వా ఊడ్పులు. వేసవిలో వద్దు. కాలువలు కట్టేస్తారు, ఎండు కాలువ పక్కన తొక్కడం పాటల్లేని సినిమా చూసినట్టుంటుంది.

మూడోది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది.

1974లో ప్రారంభమైన రోడ్డు కమ్ రైలు వంతెన మీ అందరికీ తెలుసు. పైన రోడ్డు, కింద రైలు. బండ్లు పెరక్కముందే, చీకటుండగానే దాన్ని దాటితే కొవ్వూరు. గోష్పాద క్షేత్రంలో స్నానాలు చేసేవాళ్ళని చూసుకుంటూ ఏటిగట్టు ఎక్కి ఎగువకి తిరిగితే కుమారదేవం. అక్కడ ఉండేది సినిమా చెట్టు.

నూటయాభై ఏళ్ళ నిద్రగన్నేరు అని చెప్పేవారు. 'పాడిపంటలు' (1976) మొదలుకొని ఎన్ని సినిమాలకు నీడ ఇచ్చిందో! రాఘవేంద్రరావు, వంశీ లాంటి దర్శకులు దాని కింద కెమెరా పెట్టారు. ప్రేమలు దాని కిందే పుట్టాయి, పంచాయితీలు దాని కిందే జరిగాయి. అంత పారితోషికం లేని ఆర్టిస్టు మన పరిశ్రమలో ఇంకొకరు లేరు.

మా నాన్న 'పాడిపంటలు' పెట్టెలు మోశాడు. చెట్టుని తెర మీద లెక్కలేనన్నిసార్లు చూశాడు. కానీ కళ్ళారా చూడలేదు. మాది గోదావరికి ఇవతలి ఒడ్డు. "ఎప్పుడైనా తీసికెళ్ళరా, సైకిళ్ళ మీద పోదాం" అనేవాడు. "ఈ సంక్రాంతికి నాన్నా" అనేవాణ్ణి. సంక్రాంతికి సినిమా రిలీజులుంటాయి, రాసుకునేవాడికి తీరికేదీ? "వచ్చే సంక్రాంతికి" అనేవాణ్ణి. ఇలా నాలుగు సంక్రాంతులు పోయాయి.

2024 ఆగస్టులో, వరద కోతకు గట్టు బలం తగ్గి, ఆ చెట్టు నేలకొరిగింది.

వార్త చూసి ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి వసారాలో సైకిలుకి గాలి కొడుతున్నాడు. ఆ వారమే వెళ్ళాం. వంతెన మీద నాలుగుచోట్ల ఆగాం. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. గట్టు మీద టీ బడ్డీ ఆయన మమ్మల్ని చూడగానే, "చెట్టు కోసమేనాండీ? ఆయ్, ఒక్కరోజు కూడా ఖాళీ లేదండీ, అందరూ వస్తున్నారు. నిలబడి ఉన్నప్పుడు ఇంతమంది రాలేదండీ" అన్నాడు.

మా నాన్న దగ్గరికెళ్ళి మాను మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే ఉండి, "తెర మీద ఇంత లావు కనపళ్ళేదురా" అన్నాడు. అంతే. తిరుగుదారంతా ఆయన ముందు, నేను వెనక.

ఫ్రాన్సులో కెనాల్ ద్యు మిది అని ఓ కాలువ ఉంది. పదిహేడో శతాబ్దంలో తవ్వారు. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా సుమారు 240 కిలోమీటర్లు. పడవలు లాగే గుర్రాలు నడిచిన గట్టు మీద ఇప్పుడు దేశదేశాల జనం సైకిళ్ళు తొక్కుతారు. అచ్చం మన లాకుల్లాంటి లాకులే. గట్టంతా ప్లేన్ చెట్ల నీడ. 2006లో ఆ చెట్లకి తెగులు కనిపించింది. అంటుకుంటే మందు లేదు. వేలకు వేలు కొట్టెయ్యాల్సి వచ్చింది. వాళ్ళు ఏం చేశారో తెలుసా? కొట్టిన చోటల్లా మళ్ళీ నాటుతున్నారు. ఒకే జాతి వేస్తే ఒకే తెగులు తినేస్తుందని ఈసారి రకరకాల చెట్లు. నాటుతున్నవాళ్ళకి తెలుసు, ఆ నీడలో సైకిలు తొక్కేది తాము కాదని.

మనకి కాలువలున్నాయి, గట్లున్నాయి. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, గట్టు కోసుకుపోయినా మొదట పడేది చెట్టే. ఆ దారిలో తిరిగేవాళ్ళు ఉంటేనే అడిగేవాళ్ళు ఉంటారు. అందుకే, చదివి ఊరుకోకుండా వెళ్ళమని చెబుతున్నాను. కొత్త సైకిలు అక్కర్లేదు. పంక్చరు సామాను, మంచినీళ్ళు, గొడుగు గుడ్డ టోపీ చాలు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే చక్రం పక్కకి తిప్పండి. అది రైతు ఆరు నెలల కష్టం. రీల్సు తీసుకోండి, కాదనను. ఫోను జేబులో పెట్టాక ఇంకో పది నిమిషాలు కూడా ఉండండి.

ఆ హైదరాబాదు కుర్రాడికి ఒక్క మాట. గట్టు సెట్టింగు కాదు తమ్ముడూ. సెట్టింగైతే మళ్ళీ వేసుకోవచ్చు.

అన్నట్టు, మొన్న మా నాన్న లొల్ల లాకుల ఫోటో ఒకటి చూసి, "ఇదెప్పుడు పోదాం?" అన్నాడు. సంక్రాంతికి అనబోయి నాలిక కరుచుకున్నాను. ఈ ఆదివారం తెల్లారుజామున నాలుగున్నరకి బయలుదేరుతున్నాం. ఆయన సైకిలుకి గాలి నేనే కొట్టాను.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం!