దిగమంటారు, దిగొద్దు

మేక పడిందంటే వాడకు కబురొస్తుంది. మోటారు జారినా, తాగి ఎవడన్నా పడినా అదే కబురు. "ఒరే, మోకు తీసుకుని రండిరా" అని. ఊళ్లో మోకులకు కొదవ లేదు, కండపుష్టి గల మగాళ్లకూ కొదవ లేదు. అయినా దిగాల్సింది మాలమాదిగలు, యానాదులు, వడ్డెరలే. బావి పూడిక తీయడానికి పిలిచిన నోటితోనే పాడుబడ్డ గనిలోకీ దిగమంటున్నారు. ఈ పక్షం మేము ఈ సంగతే రాయదలిచాం.

గూడూరు, సైదాపురం, రాపూరు దిక్కున తిరిగినవాళ్లకు అభ్రకం గనులు తెలుసు. ఒకనాడు అక్కడి అభ్రకం ఓడలెక్కి పోయింది. తవ్విందీ, రేకులు చీల్చిందీ కూలిజనం. గిరాకీ పడిపోగానే యజమాని పోయాడు, గుంత మిగిలింది. నోటి చుట్టూ కంపచెట్లు పెరిగాయి. మేకల కాపరికి దగ్గరికెళ్లేదాకా అక్కడ గుంత ఉందని తెలియదు. లోపల ఎప్పుడో నిలబెట్టిన కొయ్య దుంగలు చివికిపోయి, ముట్టుకుంటే పొడి రాలుతుంటాయి. పైకప్పు బరువంతా వాటి మీదే ఉంటుంది.

అంతకన్నా కంటికి కనపడని శత్రువు గాలి. మనం పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. మూసిపడ్డ గనిలో కుళ్లే కొయ్యా, తుప్పుపట్టే ఇనుమూ, కొన్ని చోట్ల ఆ రాయే దాన్ని తినేస్తాయి. బొగ్గుపులుసు వాయువు బరువు కనుక అడుక్కి చేరుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. ప్రాణవాయువు పది పాళ్లకు దిగితే మనిషి కూలిపోతాడు, కేక వేసే వ్యవధి కూడా ఉండదు. పెద్దవాళ్లు లాంతరు దించి చూసేవారు. ఆరిపోతే దిగకూడదు, అది నిజమే. కానీ వెలుగుతోంది గదా అని దిగడమూ ప్రమాదమే. దీపం ఆరకుండానే మనిషిని చంపే విషవాయువులున్నాయి. బొగ్గు గనిలో అయితే ఆ దీపమే పేలుడు తెస్తుంది.

కోలారు బంగారు గనులు చూడండి. చిత్తూరు జిల్లా నుంచీ తమిళ జిల్లాల నుంచీ వెళ్లిన దళిత కూలీలు మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్విన గనులవి. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. 2020 మే నెలలో మారికుప్పం దగ్గర పాత గనిలోకి దిగినవాళ్లలో ముగ్గురు ఊపిరాడక చనిపోయారు. దొంగతనానికి దిగారన్నారు. కావచ్చు. పంతొమ్మిదేళ్ల కిందట మూసిన గనిలోకి మనిషి దూరే సందు ఎందుకు మిగిలింది? ఆ మాట అడగాలి గదా.

ఇలాంటి చోట ఒకడు పడితే వాడి అన్న దిగుతాడు. అన్న రాకపోతే బావ దిగుతాడు. ఒక చావు మూడు చావులయ్యేది ఇలాగే. రాయడానికి మాకు చెయ్యి రావడం లేదు, అయినా రాయక తప్పదు: కన్నకొడుకు పడినా వెంట దిగకండి. తాడు వదలండి, కేకలేయండి, 101కో 112కో ఫోన్ చేయండి. సింగరేణి రెస్క్యూ టీం వాళ్లే ప్రాణవాయువు సిలిండరు కట్టుకోకుండా విషవాయువులోకి అడుగుపెట్టరు. మనవాణ్ణి మాత్రం లుంగీ ఎగగట్టి దించుతారా?

క్వారీ గుంతల్లో నీళ్లది ఇంకో మోసం. చెరువుకు ఒడ్డు వాలుగా ఉంటుంది. క్వారీకి ఒడ్డంటూ ఉండదు, గోడే. ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు, పట్టుకోను పిడికెడు గడ్డి దొరకదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని అటు పోనీయకండి. బట్టలుతకడానికి వెళ్లే అక్కచెల్లెళ్లకూ ఇదే మాట. పేలకుండా మిగిలిన తూటాలు, సన్నటి వైర్లున్న గొట్టాలు కనపడితే పాత ఇనుము కింద ఏరుకోవద్దు. అక్కడే వదిలేసి పోలీసులకు చెప్పండి.

జాగ్రత్త మనది సరే, బాధ్యత ఎవరిది? వదిలేసిన గని నోటికి కంచె వేయడం యజమాని పని అని 1961 నాటి గనుల నిబంధనల్లోనే రాశారు. 2015లో చట్టం సవరించి ప్రతి గనుల జిల్లాలో ఖనిజ నిధి పెట్టారు. గనుల వల్ల నష్టపోయినవాళ్ల కోసం పెట్టిన డబ్బు అది. గుంత పక్కన గుడిసెలున్నవాళ్లకన్నా నష్టపోయినవాళ్లెవరు? ఆ డబ్బుతో ముందు కంచెలు లేపాలి. ఇక బెదిరించి దళితుణ్ణి గనిలోకి దింపితే అది వెట్టి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కార్యకర్తలు ఈ మాట రచ్చబండ దగ్గర గట్టిగా చెప్పాలి.

వచ్చే పదిహేను రోజుల్లో ప్రతి వాడలో నలుగురు కలిసి పగటిపూట తిరగండి. అంచుకు దూరంగా నిలబడి చూడండి. ఎన్ని గుంతలు, ఏ సర్వే నెంబరు, బడికి ఎంత దూరం, కంచె ఉందా లేదా రాసుకోండి. రెండు కాపీలు తీయండి. ఒకటి కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇచ్చి రసీదు తీసుకోండి, రెండోది మాకు పంపండి. అందిన ప్రతి జాబితా ఊరి పేరుతో సహా అచ్చు వేస్తాం.